సర్కిల్‌లోకి కారు ఎప్పుడు పోనివ్వాలి

కారు నేర్చుకునేటప్పుడు క్లచ్ వదలడం వారంలో వస్తుంది, రివర్స్ ఇంకో వారానికి వస్తుంది, సర్కిల్ కనపడగానే మాత్రం కాళ్లు చల్లబడతాయి. నేను ముప్పై ఆరేళ్లప్పుడు స్టీరింగ్ పట్టుకున్నాను. హనుమకొండలో ఉంటూ ఏ చౌరస్తా తగలకుండా ఎక్కడికైనా పోవడం అయ్యే పని కాదు, అయినా రెండు నెలల పాటు సందుల్లోంచి తిరిగి, కూరగాయలకు కూడా మూడు కిలోమీటర్లు చుట్టు తిప్పుకుని వెళ్లేదాన్ని. ఇప్పుడు మా తమ్ముడి బిడ్డ నేర్చుకుంటోంది, పక్క సీట్లో కూర్చునేది నేను. దానికి రోజూ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు పనిచేస్తుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత పర్మనెంట్‌కు టెస్టు ఇవ్వొచ్చు. ఈలోపు పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, అదీ అవసరమైతే బండి ఆపగలిగేలా. కారుకు ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ ఉండాలి. బోర్డు కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు. చాలామంది ప్రింటు తీసిన చిన్న కాగితం ముక్క వెనక అద్దానికి అంటించి వదిలేస్తారు. పెద్దది పెట్టుకోండి, సిగ్గేం లేదు, దాన్ని చూసి హారన్ తగ్గించేవాళ్లు నిజంగానే ఉన్నారు.

ఇక అసలు విషయం. మనం రోడ్డుకు ఎడమ పక్క నడుపుతాం కాబట్టి సర్కిల్ చుట్టూ బండ్లు గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి. అంటే మనకు అడ్డం వచ్చేవన్నీ కుడి నుంచే వస్తాయి. లోపల తిరుగుతున్న బండికి ముందు దారి, బయట ఉన్న మనం ఆగాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లలో ఉన్న నియమమే. 1966 దాకా బ్రిటన్‌లో ఇలా తేల్చి చెప్పే నియమం లేదు. ట్రాఫిక్ పెరిగేకొద్దీ బయటివాళ్లు లోపలికి దూరేవాళ్లు, లోపలివాళ్లు బయటికి పోలేకపోయేవాళ్లు, సర్కిల్ మొత్తం బిగుసుకుపోయేది. లోపలివాళ్లకే ముందు దారి అన్నాక సర్దుకుంది. సాయంత్రం ఆరింటికి మన జంక్షన్లలో ముడిపడిపోయే ట్రాఫిక్‌ను ఒకసారి నిలబడి చూడండి, అక్కడా జరిగేది ఇదే, బయటివాడు ఆగడు, లోపలివాడు కదలలేడు.

మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్లు ఒకదాన్నొకటి తగిలే అవకాశం ఉన్న చోట్లు 32 అని ట్రాఫిక్ ఇంజినీర్లు లెక్కగడతారు. అదే చోట బండ్లు ఒకే వరసలో తిరిగే సర్కిల్ కడితే 8కి పడిపోతాయి. అంటే మనం భయపడే సర్కిలే నిజానికి తక్కువ ప్రమాదం. ఈ మాట మా పిల్లకు చెబితే "అయితే నాకెందుకు టెన్షన్ ఐతాంది అత్తా" అంది. ఎందుకంటే సిగ్నల్ దగ్గర ఎప్పుడు పోవాలో లైటు చెబుతుంది, ఇక్కడ మనమే తేల్చుకోవాలి.

ఒకటి గుర్తుపెట్టుకోండి, పేరు చూసి మోసపోవద్దు. చౌరస్తా, సెంటర్, సర్కిల్, జంక్షన్ అని మన ఊళ్లో ఏది పడితే అది అంటాం. చూడాల్సినవి మూడే. పోలీసు నిలబడి చెయ్యి చూపిస్తుంటే ఆ చెయ్యే ఫైనల్, సిగ్నల్ వెలుగుతున్నా సరే. పోలీసు లేడు, సిగ్నల్ పనిచేస్తోంది అంటే సిగ్నల్. రెండూ లేక మధ్యలో దిమ్మె మాత్రమే ఉంటే అప్పుడు కుడి పక్క నియమం. ముందే తెలుసుకోవాలంటే ఎర్ర అంచు త్రికోణంలో మూడు బాణాలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్న బోర్డు కనిపిస్తుంది. తలకిందులుగా ఉన్న త్రికోణం కనిపిస్తే దారి ఇవ్వమని. బోర్డు చెట్టుకొమ్మల్లోనో ఫ్లెక్సీ వెనకో ఉంటే మన ఖర్మ, దిమ్మెను చూసి అర్థం చేసుకోవాల్సిందే.

ఇప్పుడు ఎప్పుడు దూరాలి అన్న ప్రశ్న. "ఖాళీ దొరికినప్పుడు" అని అందరూ చెప్తారు, అది జవాబే కాదు. ఎంత ఖాళీ? నాకు నేర్పినాయన "అలవాటైపోతది మేడం" అని వదిలేశాడు. అలవాటయ్యేలోపు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మీటర్లు చూడకండి, సెకన్లు లెక్కపెట్టండి.

ముందు మీ సంగతి మీరు తెలుసుకోవాలి. ఏదైనా ఖాళీ గ్రౌండులో సున్నంతో ఒక గీత గీసి దాని దగ్గర కారు ఆపండి. ఫస్ట్ గేర్ వేసి, "పో" అనుకున్న క్షణం నుంచి కారు రెండు కార్ల పొడవు ముందుకు వెళ్లి కుదురుగా పరుగందుకునే దాకా ఎంత పట్టిందో పక్కనున్నవాళ్లు లెక్కపెట్టాలి. మేం "ఒక ఓరుగల్లు, రెండు ఓరుగల్లు" అని లెక్కపెట్టాం, ఒక్కోటి పలకడానికి సుమారు సెకను పడుతుంది. మా పిల్లకు మొదట్లో ఐదు ఓరుగల్లులు పట్టింది. దానికి భయం ఖాతాలో ఇంకొకటి కలిపి ఆరు అనుకున్నాం. అంటే కుడి నుంచి వచ్చే బండి తన ముందుకు చేరడానికి ఆరు సెకన్ల కన్నా ఎక్కువ పట్టేలా ఉంటేనే కదలాలి.

ఆరు సెకన్లంటే ఎంత దూరం? గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు ఎనిమిది మీటర్లకు పైగా వస్తుంది, ఆరు సెకన్లలో 50 మీటర్లు. ఆర్టీసీ బస్సు సుమారు 12 మీటర్లు అనుకుంటే వరసగా నాలుగు బస్సులు నిలబెట్టినంత. అదే బండి 40లో వస్తే దాదాపు 67 మీటర్లు కావాలి, ఐదున్నర బస్సులు. ట్రాఫిక్ పాకుతూ 10లో కదులుతుంటే 17 మీటర్లు చాలు, బస్సున్నర. చూశారా, సెకన్లు మారలేదు, మీటర్లు మారాయి. "పొద్దున అంత దూరంలో ఉంటే ఆగమన్నావు, ఇప్పుడింత దగ్గరున్నా పొమ్మంటున్నావు" అని పిల్లలు గొడవ పెట్టుకునేది ఇక్కడే.

రోడ్డు మీద టేపు పట్టుకుని కొలవలేం కాబట్టి ఇంకో పని చెయ్యండి. కారు ఇంట్లో పెట్టి నడుచుకుంటూ వెళ్లండి, మీరు రోజూ దాటాల్సిన సర్కిల్ దగ్గరికే. మీ రోడ్డు సర్కిల్‌ను తగిలే చోట ఫుట్‌పాత్ మీద నిలబడి కుడి వైపు చూడండి. ఒక కరెంటు స్తంభమో, షాపు బోర్డో గుర్తుపెట్టుకోండి. బండి ఆ స్తంభాన్ని దాటినప్పుడు లెక్క మొదలుపెట్టి మీ ముందుకు వచ్చేసరికి ఎన్ని ఓరుగల్లులు అయ్యాయో చూడండి. ఆరు వచ్చే స్తంభం ఏదో దొరికేదాకా మార్చుకుంటూ పొండి. అదే మీ హద్దు. ఇంకా స్తంభం దాకా రాని బండి అయితే మీకు టైముంది, దాటేసిందా, ఆగండి. దూరంలో స్తంభమే దొరకనంత చిన్న సర్కిల్ అయితే, కుడి పక్క రోడ్డు మూతి దగ్గర ఎవరూ లేనప్పుడు మాత్రమే కదలాలని పెట్టుకోండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకోండి, వేగాలు మారతాయి కాబట్టి స్తంభమూ మారుతుంది. మేం పక్కనున్న చాయ్ బండి దగ్గర చాయ్ తాగుతూ ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఇప్పుడు పోవచ్చా, ఇప్పుడు పోవచ్చా అని అది అడగడం, నేను చూడడం. మొదటి పదింట్లో ఏడుసార్లు గుద్దించుకునేదే. నిలబడి తప్పు చేస్తే ఖర్చు చాయ్ డబ్బులే కదా.

కుడి నుంచి వచ్చే బండి రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది. ఒకటి, ఎడమకు తిరిగి మన రోడ్డులోకే, మన పక్క నుంచి వెళ్లిపోతుంది. రెండు, మన ముందు నుంచి తిరుగుతూ పోతుంది. మొదటిదైతే మనకు అడ్డం లేదు, రెండోదైతే ఉంది. ఏదో ఎలా తెలుస్తుంది? ఇండికేటర్ ఉంటే సంతోషం, కానీ పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు వేసిన ఇండికేటర్ రాత్రి దాకా కొట్టుకుంటూనే ఉండే బండ్లున్న ఊరు మనది. ముందు టైరు చూడండి. అది ఎడమకు మళ్లి, బానెట్ కూడా మళ్లాక నమ్మండి. అప్పుడు కూడా వెంటనే దూకొద్దు. బస్సు మన రోడ్డులోకి తిరుగుతున్నప్పుడు దాని అవతల పక్క, దిమ్మె వైపు ఒక బైకు ఉంటుంది. ఆ బస్సు తప్పుకున్న క్షణంలోనే అది బయటపడుతుంది, మనం అదే క్షణంలో క్లచ్ వదిలి ఉంటాం. బస్సు వెనక చక్రాలు దాటాక, ఆ ఖాళీలోంచి ఇంకొకసారి చూసి కదలండి.

ఇంకో దొంగ కారులోనే ఉంది. ముందు అద్దానికీ కుడి తలుపుకూ మధ్య ఉండే ఆ మందపాటి ఇనుప కమ్మీ. మన దగ్గర స్టీరింగ్ కుడి పక్కనే కాబట్టి అది కళ్లకు దగ్గరగా ఉంటుంది, ఒక బైకును మొత్తంగా మింగేస్తుంది. బైకు కదులుతూ, మనమూ మెల్లగా కదులుతుంటే కొన్నిసార్లు ఆ బైకు చివరిదాకా కమ్మీ చాటునే ఉండిపోతుంది. కళ్లు మాత్రమే తిప్పితే కనపడదు. నడుం ముందుకు వంచి ఒకసారి, వెనక్కి వాలి ఒకసారి చూడండి. మా పిల్ల ఇలా ఊగుతుంటే పక్క బైకు మీదున్న ఆయన నవ్వాడు. నవ్వనివ్వండి.

నా తప్పు కూడా చెప్పేస్తాను. నేర్చుకున్న మూడో నెలలో, ఏ సర్కిల్ అనేది వదిలేయండి, నా ముందు ఒక ఆటో ఆగి ఉంది. నేను కుడి వైపు చూస్తున్నాను, ఖాళీ కనపడింది, ఆటో కూడా కదిలింది, నేనూ క్లచ్ వదిలాను. ఆటో ఒక అడుగు కదిలి మళ్లీ ఆగింది, ఎవరో చెయ్యెత్తారు, ఎక్కించుకుంటున్నాడు. నా బంపర్ వెళ్లి దాని వెనక రేకుకు తగిలింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు, రేకుకు తగిలినదానికి మాత్రం పన్నెండు వందలు ఇచ్చాను. ఖాళీ కుడి వైపు చూస్తాం, కారు ముందుకు పోతుంది, ఇదే చిక్కు. కాబట్టి ముందు బండి పూర్తిగా వెళ్లిపోయాక మీరు సర్కిల్ ముందు గీత దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి మీ చూపు మీరు కొత్తగా మొదలుపెట్టాలి. ముందువాడికి దొరికిన ఖాళీ ముందువాడిది. వాడి వెనక టైర్లు రోడ్డుకు ఆనిన చోటు మీ సీట్లోంచి కనపడేంత దూరంలో ఆగితే సగం గొడవ తప్పుతుంది.

కాళ్ల సంగతి తొందరగా. సర్కిల్ ఇంకా ముప్పై నలభై మీటర్లు ఉండగానే వేగం తగ్గించి సెకండ్ గేర్‌లోకి రండి, జీబ్రా గీతల మీద మనుషులు ఉంటే వాళ్లు దాటేదాకా గీతలకు ఇవతలే ఆగండి. ఆగాల్సి వస్తే పూర్తిగా ఆగి ఫస్ట్ వెయ్యండి. సగం క్లచ్ మీద ఒక్కో అంగుళం ముక్కు దూర్చుకుంటూ పోవడం మన ఊళ్లో పెద్ద విద్య, కొత్తవాళ్లకు అది పనికిరాదు, ఎందుకంటే ముక్కు లోపలికి వెళ్లాక వెనక్కి రాలేరు, ముందుకూ పోలేరు, ఆ గందరగోళంలోనే బండి ఆఫ్ అవుతుంది. కదలాలనుకున్నాక మాత్రం కదలండి, మధ్యలో మనసు మార్చుకోవద్దు. పొరపాటున సర్కిల్ మధ్యలో ఆఫ్ అయితే బ్రేకు, క్లచ్ తొక్కి, హజార్డ్ లైట్లు వేసి, న్యూట్రల్ చేసి స్టార్ట్ చెయ్యండి. ఇది ఇంటి ముందు యాభైసార్లు చేసి ఉండాలి. రివర్స్ మాత్రం వద్దు.

వెనక హారన్లు వస్తాయి. తప్పకుండా వస్తాయి.

"అత్తా, వెనకాయన ఆపకుండ కొడుతుండు."

"కొట్టనియ్ బిడ్డ. ఆయనకు కుడి పక్క వచ్చే బైకు కనపడదు, నీకు కనపడ్తది."

హారన్ విని కదిలినవాళ్లకు జరిగేది చూశాను కాబట్టి చెప్తున్నాను, వెనకాయన తొందర మన లెక్కలో ఉండకూడదు.

లోపలికి వెళ్లాక ఎడమకు పోవాలంటే ముందే ఎడమ ఇండికేటర్ వేసి ఎడమ పక్కనే ఉండండి. నేరుగా పోవాలంటే వెళ్లేటప్పుడు ఏదీ వెయ్యక్కర్లేదు, మీ రోడ్డుకు ముందున్న రోడ్డు దాటగానే ఎడమది వెయ్యండి. కుడికి గానీ వచ్చిన దారికే గానీ పోవాలంటే కుడి ఇండికేటర్‌తో దిమ్మె వైపు వరసలో తిరిగి, చివరికి ఎడమది. బయటికి వచ్చేటప్పుడు ఎడమ అద్దం చూడకుండా తిప్పారంటే మీ ఎడమ పక్క సందులోంచి దూరే బైకు తగులుతుంది, అది ఎప్పుడూ ఉంటుంది. చివరి గొడవ ఏంటంటే సర్కిల్ దాటిన పది అడుగులకే షేర్ ఆటోలు ఆగి ఉంటాయి. మీరు పోవాల్సిన రోడ్డు మూతి మూసుకుని ఉందని కనపడితే, ఎంత పెద్ద ఖాళీ ఉన్నా లోపలికి పోవద్దు, లోపల ఇరుక్కుంటారు.

మన దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి. పత్తి సీజన్‌లో, ఆ తర్వాత మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు ట్రాక్టర్లు, డీసీఎంలు వరస కడతాయి. నిండా బస్తాలేసుకున్న ట్రాక్టర్ అనుకున్న చోట ఆగదు, దాని ముందు దూరొద్దు, నాలుగు బస్సుల లెక్క దానికి చాలదు. చీకటి పడ్డాక ఒకే లైటుతో వచ్చేది బైకు అనుకోవద్దు, ఒక లైటు పోయిన ట్రాక్టర్ కావచ్చు, దాని వెనక ట్రాలీకి అసలు లైటే ఉండకపోవచ్చు. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు వైపు ఎల్ బోర్డుతో పోనే పోవద్దు. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర అంబులెన్సులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. సైరన్ వినపడితే, బయట ఉన్నవాళ్లు బయటే ఆగండి. లోపల ఉంటే మధ్యలో బ్రేకు వెయ్యకుండా మీ రోడ్డులోకి బయటపడి ఎడమకు ఆపండి. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 2019 చట్ట సవరణలో పది వేల జరిమానా పెట్టారు. ఇక రాంగ్ రూట్‌లో ఎడమ నుంచి వచ్చే బైకులు. చట్టంలో అవి లేవు, రోడ్డు మీద ఉన్నాయి. కుడి వైపు లెక్క కుదిరాక, క్లచ్ వదిలేముందు ఒక్క చూపు ఎడమకు. వానలో కుడి అద్దం మసకబారితే దించెయ్యండి, చొక్కా తడిస్తే తడుస్తుంది.

"సాయంత్రం ఆరింటికి ఆరు సెకన్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. దొరకదు. అందుకే మొదటి రెండు వారాలు ఆ టైముకు పోవద్దు. ఆదివారం పొద్దున ఆరింటికి పొండి, ఆ తర్వాత మామూలు రోజు పదకొండుకు, ఆఖరికి సాయంత్రం. అప్పటికి మీ ఐదు ఓరుగల్లులు మూడున్నరకు దిగుతాయి, బండ్లు కూడా పాకుతూ ఉంటాయి, బస్సు పొడవంత సందు కూడా సరిపోతుంది. అవతలి డ్రైవర్ మీ వైపు చూసి వేగం తగ్గిస్తే, తగ్గించాడని చక్రాలు చూసి తెలుసుకుని, అప్పుడు పొండి. చెయ్యి ఊపాడని మాత్రమే పోవద్దు, ఆయన ఊపింది తన బండికే, ఆయన పక్కనున్న బైకుకు కాదు.

మీ రోడ్డు దాటిపోయిందనుకోండి, చటుక్కున ఎడమకు కొయ్యొద్దు, ఆగొద్దు. ఇంకో చుట్టు తిరగండి. మా పిల్ల మొన్న ఆదివారం నయీంనగర్ వైపు పోవాల్సింది మూడు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో దిమ్మె పక్కన ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి మమ్మల్నే చూసింది, నాలుగోసారి ఇండికేటర్ వేసి బయటపడ్డాం.